స్టోర్ తాళాలున్న హవల్దార్

మా తాడేపల్లిగూడెం వైపు పల్లెలకి మిలట్రీ కొత్త కాదు. పక్కనున్న మాధవరాన్ని మిలట్రీ మాధవరం అనే పిలుస్తారు. ఆ గాలిలో పెరిగి నేనూ పల్టన్‌లో చేరాను. సర్వీసులో చివరి నాలుగేళ్లు కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్‌గా చేశాను. దుప్పట్లు, బూట్లు, గుడారాలు, లంగరుకి (సైనికుల వంటశాలకి) వెళ్లే పప్పూ బియ్యం, అన్నింటి లెక్కా ఆ హవల్దార్ దగ్గరే ఉంటుంది. కంపెనీలో ఎవరి బూటు ఎన్నో నంబరో అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పేవాణ్ని. అందుకే పరమవీర చక్ర గ్రహీతల పట్టిక చూసినప్పుడల్లా నా చూపు ఒక పేరు దగ్గర ఆగిపోతుంది. కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్. ఆయన హోదా, నా హోదా ఒకటే.

ఆయన ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా ధాముపూర్‌లో 1933 జూలై 1న పుట్టారు. తండ్రి మహమ్మద్ ఉస్మాన్ దర్జీ. కొడుకు కూడా కుట్టుపనిలో తండ్రికి చెయ్యందించేవారు. 21 ఏళ్ల వయసులో, 1954 డిసెంబర్ 27న, గ్రెనేడియర్స్ రెజిమెంటులో చేరి నాలుగో బెటాలియన్‌కి వెళ్లారు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ఆ బెటాలియన్ నేఫా (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్) కొండల్లో ఉంది. ఓటమిని, వెనక్కి నడిచిరావడాన్ని హమీద్ అక్కడే చూశారు.

ఆయనకి బాగా పట్టుబడిన ఆయుధం ఆర్.సి.ఎల్. (రీకాయిల్‌లెస్) గన్. జీపు మీద బిగించే 106 మిల్లీమీటర్ల పొడవాటి గొట్టం అది. శిక్షణలో నేనూ దాని మీద పనిచేశాను. గొట్టం మీదే ఒక చిన్న తుపాకీ ఉంటుంది. ముందు దానితో ఒక ట్రేసర్ గుండు వదలాలి. ఆ మెరుపు ట్యాంకుకి తగిలిందంటే దూరం సరిపోయినట్టు. వెంటనే పెద్ద గుండు పేల్చాలి. గన్ వెనకాల మనిషన్నవాడు ఉండకూడదు. గుండు ముందుకి పోతుంటే మంట వెనక్కి తంతుంది. దుమ్ము తాటిచెట్టంత ఎత్తున లేస్తుంది. ఆ దుమ్ము చూసి శత్రువు మన చోటు ఇట్టే పసిగడతాడు. కాబట్టి ఒక గుండు పేల్చగానే జీపు కదలాలి. జీపుకి ఉక్కు తొడుగు లేదు, పైకప్పు కూడా లేదు. ఎదురుగా వచ్చే ప్యాటన్ ట్యాంకేమో నలభై టన్నులు దాటిన ఇనుప కొండ.

1965 సెప్టెంబర్‌లో పాకిస్తాన్ ఒకటో ఆర్మర్డ్ డివిజన్ పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ మీదుగా చొరబడింది. అసల్ ఉత్తర్ గ్రామం దగ్గర మన నాలుగో మౌంటెన్ డివిజన్ కాపు కాసింది. మనవాళ్లు కాలువ గట్లు తెంచి పొలాల్లోకి నీళ్లు వదిలారు. బరువైన ప్యాటన్లు ఆ బురదలో దిగబడ్డాయి. ఏపుగా పెరిగిన చెరకు తోటల మాటున మన ట్యాంకులూ ఆర్.సి.ఎల్. జీపులూ పొంచి ఉన్నాయి. ఆ ట్యాంకుల్లో దక్కన్ హార్స్ వాళ్లవీ ఉన్నాయి. నిజాం కాలపు హైదరాబాద్ గుర్రపు దళాల నుంచి వచ్చిన రెజిమెంటు అది.

అక్కడే ఉన్న హమీద్ అప్పటికే స్టోర్ బాధ్యతలోకి వెళ్లిపోయారు. అయినా ఆ గన్ మీద ఆయనకున్న చెయ్యి బెటాలియన్‌కి తెలుసు. ట్యాంకులు వస్తున్నాయనగానే ఆ పని ఆయనకే అప్పగించారు. తాళాలు పక్కనపెట్టి ఆయన జీపెక్కారు.

సెప్టెంబర్ 10 ఉదయం 8 గంటలకి చీమా గ్రామం ముందు ప్యాటన్ల దాడి మొదలైంది. హమీద్ జీపుని పక్క నుంచి పోనిచ్చి అనువైన చోటు చూసుకున్నారు. ముందు వస్తున్న ట్యాంకుని కొట్టారు. చోటు మార్చి రెండోదాన్ని తగలబెట్టారు. ఆసరికి మిగతా ట్యాంకులు ఆయన్ని కనిపెట్టేశాయి. మెషిన్ గన్ గుళ్లూ ఫిరంగి గుళ్లూ ఆ జీపు మీదే కురిశాయి. ఆయన ఇంకో ట్యాంకు మీద గురిపెట్టి పేలుస్తూనే ఉన్నారు. అంతలో ఒక గుండు వచ్చి పడింది. అప్పటికి ఆయనకి 32 ఏళ్లు.

చావుకి తెగించాడని లోకం అంటుంది. ఆ గన్ మీద పనిచేసినవాడిగా నేను ఇంకో మాట కలుపుతాను. ఒట్టి తెగింపుతో రెండో ట్యాంకు తగలబడదు. దూరం కొలవాలి, గాలి చూడాలి, గురి కుదిరేదాకా ఊపిరి బిగబట్టాలి, పేల్చగానే కదలాలి. పదకొండేళ్ల సర్వీసులో రోజూ చేసిన సాధన ఆ పొద్దున ఆయన చేతుల్లో పనిచేసింది. గుడ్డ కత్తిరించే ముందు రెండుసార్లు కొలిచే దర్జీ ఇంటి బిడ్డ ఆయన. ఆ నిదానం అక్కడిదేనని నా నమ్మకం.

మన సైన్యం లెక్క ప్రకారం అసల్ ఉత్తర్‌లో పాకిస్తాన్ 97 ట్యాంకులు పోగొట్టుకుంది. దొరికినవాటిని భిఖీవిండ్ దగ్గర వరసగా నిలబెడితే ఆ చోటుకి ప్యాటన్ నగర్ అని పేరొచ్చింది. 1966 జనవరి 26న ఢిల్లీలో హమీద్ భార్య రసూలన్ బీబీకి పరమవీర చక్ర అందించింది మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారే. భర్త జ్ఞాపకాన్ని ఊళ్లో నిలబెట్టాలని ఆమె ఏళ్ల తరబడి తపించారు. 2017 సెప్టెంబర్ 10న అప్పటి ఆర్మీ చీఫ్ బిపిన్ రావత్ గాజీపూర్ జిల్లాకే వెళ్లి స్మారకాన్ని ఆవిష్కరించారు. 2019 ఆగస్టులో రసూలన్ బీబీ కన్నుమూశారు.

ఇప్పటిదాకా పరమవీర చక్ర పొందినవాళ్లు 21 మంది. అందులో 14 మందికి అది మరణానంతరమే దక్కింది. రేపు మీ ఊరి పింఛను వరసలో ఒక పాత హవల్దార్ కనబడితే, స్టోర్ లెక్కలు రాసేవాణ్నని ఆయన చెబితే, అంతేనా అనకండి. అబ్దుల్ హమీద్ చేసిన ఉద్యోగమూ అదే.