అవధాని ధారణ, పృచ్ఛకుడి చదువు: ప్రొద్దుటూరు పద్యసభల నుంచి కొన్ని ప్రతిపాదనలు

పద్యం అడిగిన పృచ్ఛకులందరికీ ఆవృత్తానికి ఒక పాదం చొప్పున చెప్పుకుంటూ పోయి, చివరన ఆ పద్యాలన్నిటినీ అవధాని వరసగా అప్పజెప్పినప్పుడు సభ అతణ్ణి ఏకసంథాగ్రాహి అంటుంది. ఆ మెప్పులో నైపుణ్యం అంతా పుట్టుకతో వచ్చిన వరమైపోతుంది. పెన్నా తీరపు ప్రొద్దుటూరు అవధాన చరిత్ర చూస్తే ఆ మాట నిలవదని నా వాదన.

జమ్మలమడుగులో పుట్టిన దుర్భాక రాజశేఖర శతావధాని (1888–1957), ఆ ప్రాంతపు నెమళ్లదిన్నెకు చెందిన గడియారం వేంకట శేషశాస్త్రి (1894–1980) ప్రొద్దుటూరు కేంద్రంగా జంట అవధానాలు చేశారు. మొదటివారు ‘రాణాప్రతాపసింహ చరిత్ర’, రెండోవారు ‘శివభారతం’ రాసి కావ్యకర్తలుగానూ నిలిచారు. తరువాతి తరంలో సి.వి. సుబ్బన్న శతావధాని అవధానం చేయడమే కాక ‘అవధాన విద్య’ అనే గ్రంథం రాశారు. పుట్టపర్తి నారాయణాచార్యులు కొన్నేళ్లు ఉన్నదీ ఈ ఊళ్లోనే. బంగారం, పత్తి వ్యాపారాలకు పేరుపడ్డ పట్టణంలో ఇంతమంది పద్యవిద్వాంసులు ఉండటం కాకతాళీయం కాదు.

పుట్టుకతో వచ్చిన వరం కాకపోతే ధారణ, అంటే చెప్పిన పద్యాలను గుర్తుంచుకుని అప్పజెప్పడం, ఎలా నిలుస్తుందో ముందు చూద్దాం. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు. వాటి గురులఘువుల వరస ముందే స్థిరం. పదో అక్షరం మొదటి అక్షరంతో యతి మైత్రికి కట్టుబడింది. రెండో అక్షరం నాలుగు పాదాల్లోనూ ప్రాస. పైగా పద్యం తాను కట్టినదే, సమాసాలు ఏళ్ల తరబడి నోట నానినవే. కాబట్టి అవధాని గుర్తుంచుకునేది ఎనభై విడి అక్షరాలను కాదు, నాలుగైదు భావాలను, ఒక ప్రాసను. 1973లో మనస్తత్వ పరిశోధకులు చేజ్, సైమన్ చదరంగంలో చూపింది ఇలాంటిదే: నిజమైన ఆటలోని పావుల అమరికను ఒక్క చూపులో పట్టిన ఆరితేరిన ఆటగాడు, పావులను ఇష్టం వచ్చినట్టు చెదరగొడితే కొత్తవాడి స్థాయికే దిగిపోయాడు.

వ్యస్తాక్షరికి ఈ వివరణ చాలదు. అక్కడ ఒక వాక్యంలోని అక్షరాలను క్రమం తప్పించి, స్థానసంఖ్యతో ఇస్తారు. ఛందస్సు ఆసరా లేదు. 1980లో ఎరిక్సన్, చేజ్, ఫాలూన్ ప్రకటించిన ప్రయోగం ఇక్కడ దారి చూపుతుంది. ఏడంకెల దగ్గర ఆగిపోయే ఒక విద్యార్థి సుమారు 230 గంటల సాధనతో 79 అంకెలు అప్పజెప్పగలిగాడు. పరుగు పందేల సమయాలుగా అంకెలను గుంపులు చేసుకోవడమే అతని ఉపాయం. అక్షరాలిస్తే మళ్లీ ఆరు దగ్గరే ఆగాడు. అంటే పెరిగింది జ్ఞాపకశక్తి కాదు, ఆ పనికి తగిన పద్ధతి.

ఒంటరి సాధన అవధానిని ఎంత దూరం తెస్తుంది? నా దృష్టిలో, సభ గడప దాకా. ఆపైన చదువుకున్న పృచ్ఛకుడు కావాలి. నిషేధాక్షరిలో పృచ్ఛకుడు అవధాని వేయబోయే అక్షరాన్ని ఊహించి కాదనాలి. అందుకు పద్యం ఏ మాటవైపు నడుస్తోందో అతనికీ తెలియాలి. పద్యంలో ఇమడ్చమని దత్తపది ఇచ్చేవాడు కష్టమైనా సాధ్యమయ్యే పదాలనే ఎంచాలి. యతి తప్పితే అక్కడికక్కడే పట్టుకోవాలి. ఎదురుగా కూర్చున్నవాడు అంత చదివినవాడైతేనే అవధానికి తన లోపం ఎక్కడుందో తెలుస్తుంది.

అవధానుల జీవితాలు రాసుకున్నాం, వారి పూరణలు అచ్చువేసుకున్నాం. ఆ సభల్లో నిషేధాక్షరికి, సమస్యకు కూర్చున్నవాళ్లు ఎవరు, ఏ బడిలో చదివారు, ఎవరి దగ్గర ఛందస్సు నేర్చారు, వాళ్లలో తరువాత ఎంతమంది అవధానులయ్యారు అన్నది కూడా సేకరించినప్పుడే ప్రొద్దుటూరు అవధాన చరిత్ర పూర్తిగా చేతికొస్తుంది.