బొమ్మలేసుకుని బతికినవాళ్ళు

గీత తిన్నగా గీయగలిగినవాడికి ఈ ధవళేశ్వరంలో మొట్టమొదట నెలజీతం ఇచ్చింది గోదావరి ఆనకట్టే తల్లీ. ఆ కుంపటి కాస్త ఇటు జరుపు, చెప్తాను. నువ్వేమో డిజైన్ చదువుతానంటావు, మీ నాన్నేమో దాంతో అన్నం పుడుతుందా అంటాడు. మా నాన్నా నన్ను అదే అడిగాడు. ఆయన్ని వాళ్ళ నాన్న అడగలేదంటే, ఆయనకి బొమ్మలు రాక అడగలేదు, అంతే.

కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేశాడని మీ పుస్తకాల్లో ఉంటుంది. అక్కడితో పని అయిపోయిందనుకుంటారు అందరూ. ఆనకట్ట అయ్యాక అసలు పని మొదలైంది. కాలవలు, లాకులు, తూములు, అక్విడక్టులు, వాటి తలుపులు, ఆ తలుపుల బోల్టులు. అన్నిటికీ ప్లాను గీయాలి. ఏ లాకు దగ్గర మరమ్మతొచ్చినా ఆ ప్లాను బయటికి తీయాలి. అందుకని పి.డబ్ల్యు.డి.లో ట్రేసరని ఒక ఉద్యోగం ఉండేది. ఇంజనీరు పెన్సిలుతో గీసింది కింద పెట్టి, పైన ట్రేసింగు గుడ్డ బిగించి, ఆ గుడ్డ జిడ్డు పోవడానికి సుద్దపొడి రాసి దులిపి, రూలింగు పెన్నులో నల్లసిరా పోసి గీసేవారు. రెండు గీతలు కలిసే మూల దగ్గర సిరా ఆరకుండా రెండోది గీశావంటే మూల అంతా మచ్చ. అది పోగొట్టాలంటే బ్లేడు అంచుతో గుడ్డ చిరక్కుండా గీకాలి. మా పెదనాన్న ఆ పని చేసేవాడు. ఆయన గీసిన గీత కింద ఆయన పేరెక్కడా ఉండదు, ఇంజనీరు సంతకమే ఉంటుంది. అయినా ఒకటో తారీఖుకి జీతం వచ్చేది, పింఛనూ వచ్చింది. చిన్నప్పుడు నేను కళంటే అదే అనుకున్నాను. పేరుండదు, జీతం ఉంటుంది.

పేరున్న కళ రాజమండ్రిలో ఉండేది. అక్కడ ఆర్ట్సు కాలేజీకి 1909 నుంచి 1919 దాకా ఆస్వాల్డ్ కూల్డ్రే అనే దొర ప్రిన్సిపాలుగా ఉన్నాడు. ఆయన స్వయంగా బొమ్మలేసేవాడు, రాసేవాడు. ప్రిన్సిపాలన్నవాడు హాజరుపట్టీ చూసుకుంటాడు గానీ, ఈయన కుర్రాళ్ళలో ఎవడి చేతిలో ఏముందో చూశాడు. అడివి బాపిరాజు గారిని పట్టుకున్నాడు, కవికొండల వెంకటరావు గారిని పట్టుకున్నాడు, దామెర్ల రామారావు గారిని పట్టుకున్నాడు. రామారావు గారు 1897లో రాజమండ్రిలోనే పుట్టారు. చదువు మీద కంటే బొమ్మల మీదే ధ్యాస. కూల్డ్రే ఆ కుర్రాణ్ణి తిట్టకుండా, 1916లో బొంబాయి జె.జె. ఆర్టు స్కూలుకి తన డబ్బు పెట్టి పంపించాడు. జీతం తీసుకునే మేష్టారు తన జేబులోది తీసి పరాయివాళ్ళ పిల్లాణ్ణి చదివించడం అప్పుడూ వింతే, ఇప్పుడూ వింతే.

రామారావు గారు చదువయ్యాక బొంబాయిలోనే ఉండిపోవచ్చు. పెద్ద ఊరు, కొనేవాళ్ళున్న ఊరు. ఆయన రాజమండ్రి తిరిగొచ్చి చిత్రకళాశాల పెట్టారు. పక్కన స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు. భార్య సత్యవాణి గారికి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారికి కూడా రామారావు గారే కుంచె పట్టించారు. ఆ రోజుల్లో గోదావరి జిల్లాలో ఆడపిల్ల నలుగురు చూసేలా బొమ్మలేయడమంటే ఎంత మాటో నీకు తెలీదులే. ఆయన సిద్ధార్థ రాగోదయం, ఋష్యశృంగ బంధనం, ఇంకా మన గోదావరి, మన కొండలు వేశారు. 1925 ఫిబ్రవరి 6న మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు.

ఇక్కడిదాకా అందరూ చెప్తారు. అయ్యో చిన్నతనంలోనే పోయాడని కళ్ళు తుడుచుకుని లేచిపోతారు. నాకు మాత్రం ఆ తరవాతదే పెద్ద కథ. మనిషి పోయాక బొమ్మలేం కావాలి? మామూలుగా అయితే తలో బంధువూ తలో బొమ్మ పట్టుకెళ్తాడు, కొన్ని అటక మీద చెద తింటాయి, ఇరవై ఏళ్ళకి ఆ పేరు ఎవడికీ గుర్తుండదు. సత్యవాణి గారు, వరదా వెంకటరత్నం గారు వాటిని చెల్లాచెదురు కానివ్వలేదు. వరదావారు స్కూలు మూయలేదు. దశాబ్దాల తరబడి పిల్లల్ని కూర్చోబెట్టి నేర్పారు. ఆ బొమ్మలకి రాజమండ్రిలో ఒక మందిరం ఏర్పడింది, దాన్ని తరవాత ప్రభుత్వం తీసుకుంది. రామారావు గారి పేరు మీద ఉన్న ఆ మందిరం అసలు వరదావారి ఓపిక మీద నిలబడింది. వరదావారూ చిత్రకారుడే సుమా. ఆయన బొమ్మల గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. స్నేహితుడి బొమ్మలు కాపాడటానికి, ఊరి పిల్లలకి గీత నేర్పడానికి తన కాలం ఖర్చుపెట్టారు. నన్నడిగితే ఇద్దరిలో కష్టమైన పని ఆయనది.

బాపిరాజు గారి దారి వేరు. ఆయన ప్లీడరీ చదివారు, జైలుకెళ్ళారు, బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీ గారి దగ్గర బొమ్మలు నేర్చి, ఆనక అక్కడే ప్రిన్సిపాలు చేశారు. అనసూయ, ధ్రువవిజయం, మీరాబాయి సినిమాలకి కళాదర్శకత్వం చేశారు. హైదరాబాదులో మీజాన్ పత్రికకి సంపాదకుడు. వీటి మధ్యలో నారాయణరావు, హిమబిందు, గోన గన్నారెడ్డి లాంటి నవలలు. ఇన్ని పనులేమిటి, ఒక్కటి గట్టిగా పట్టుకోవచ్చుగా అని మీ నాన్నలాంటివాళ్ళు అప్పుడూ అనే ఉంటారు. ఒక్కటే పట్టుకుంటే ఆ ఒక్కటి ఆగిన నెలలో పొయ్యి వెలగదు తల్లీ. పాఠం చెప్తే జీతం, సినిమాకి వేస్తే ఒక మొత్తం, రాస్తే ఇంకేదో. ఆయన నవలల్లో చీరల అంచులూ, నగలూ, దూలాల మీద చెక్కుళ్ళూ అలా కళ్ళకి కట్టాయంటే, ఆయన చిత్రకారుడు గనకే కట్టాయి.

ఇక నా సంగతి. అంత పెద్ద పేర్ల పక్కన నా పేరెందుకు గానీ, బతుకు ఎలా గడిచిందో నా దగ్గరుంటేనే కదా చెప్పగలను. డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు పాసై, టి.టి.సి. చేసి స్కూల్లో చేరాను. డ్రాయింగు పిరియడంటే లెక్కల మాస్టారికి అప్పనంగా దొరికే పిరియడు. పరీక్షలు దగ్గరకొస్తే "మాస్టారూ, ఈ గంట నాకిచ్చేయండి" అని నవ్వుతూ వచ్చేవాడు, నేనూ నవ్వుతూ ఇచ్చేసేవాణ్ణి. సైన్సు వాళ్ళకి కప్ప కడుపులో ఏముందో చార్టు కావాలంటే, ఇన్‌స్పెక్షనుకి గోడల నిండా అట్టలు కావాలంటే మాత్రం డ్రాయింగు మాస్టారు గుర్తొచ్చేవాడు.

జీతం చాలేది కాదు. సాయంత్రాలు బోర్డులు రాసేవాణ్ణి. అది తేలికనుకోకు. తెలుగు అక్షరానికి పైన గుడులుంటాయి, కింద వత్తులుంటాయి. "శ్రీ లక్ష్మీ వెంకటేశ్వర క్లాత్ స్టోర్స్" అని రాయాలనుకో. రేకు మీద సుద్దదారం లాగి కొట్టి గీత పడేస్తాం. ఇంగ్లీషు బోర్డయితే ఆ గీత మీద అక్షరాలు నిలబెట్టేస్తే సరి. మనకి "క్ష్మీ" దగ్గర కింద మకారం వత్తు దిగుతుంది, పైన గుడి లేస్తుంది. దానికి చోటు వదలకపోతే అడుగున అంచుకి గుద్దుకుంటుంది. అందుకని ముందు మొత్తం మాట బొగ్గుతో నడిమధ్య నుంచి రెండు పక్కలకీ వేసుకుని, ఎక్కడ ఎంత దిగుతుందో చూసుకుని, అప్పుడు ఎనామిల్ రంగు ముట్టుకోవాలి. లావు గీత దగ్గర కుంచె పడుకోబెట్టాలి, సన్నగీత దగ్గర కొన మీద లేపాలి. ఇదంతా చేశాక షావుకారు అక్షరానికింత అని లెక్కేసి డబ్బులిచ్చేవాడు. వత్తులు లెక్కలోకి రావనేవాడు! "అవి అక్షరం కిందే ఉన్నాయిగా మాస్టారూ, విడిగా ఎందుకు?" అనేవాడు. తెలుగు రాసేవాడికి వత్తుల కూలి ఈ జిల్లాలో ఎవడూ ఇవ్వలేదు.

ఆ తరవాత ఫ్లెక్సీ వచ్చింది. గంటలో బోర్డు, అందులో షావుకారి ఫోటో కూడా. బోర్డు రాసేవాళ్ళు కొందరు ఇళ్ళకి సున్నాలేశారు, కొందరు ఆటో నడిపారు. నా దగ్గర నేర్చుకున్నవాడొకడు కంప్యూటరు మీద కూర్చున్నాడు, ఇప్పటికీ పెళ్ళికార్డులు, పుస్తకాల అట్టలు చేస్తున్నాడు. వాడి పనికి నలుగురూ ఎందుకు వెళ్తారంటే, వాడి అట్ట మీద పై వరస వత్తు దిగి కింది వరసకి తగలదు. సాధనం మారింది గానీ చోటు వదలడం వాడు మరిచిపోలేదు.

ఇక మన ఊరి మనిషి దగ్గరికి వస్తాను. ముళ్ళపూడి వెంకటరమణ గారు 1931 జూన్ 28న ఈ ధవళేశ్వరంలోనే పుట్టారు. వాళ్ళ నాన్నగారిదీ ఆనకట్ట ఆఫీసులో ఉద్యోగమే. చూశావా, మళ్ళీ ఆనకట్టే. తండ్రి చిన్నతనంలోనే పోయారు, తల్లి పిల్లల్ని పట్టుకుని మద్రాసు వెళ్ళింది, అక్కడ పడరాని పాట్లు పడ్డారు. అక్కడి స్కూల్లో నరసాపురం నుంచి వచ్చిన ఒక కుర్రాడు తగిలాడు. సత్తిరాజు లక్ష్మీనారాయణ, మీకు తెలిసిన బాపు. 1945లో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు బాల అని పిల్లల పత్రిక పెట్టారు. ఈ పిల్లాడి కథ, ఆ పిల్లాడి బొమ్మ అందులో అచ్చయ్యాయి. అన్నయ్యగారు బడిపంతులుగా పనిచేసిన మనిషి. అచ్చులో తన పేరు చూసుకున్న పిల్లాడు ఇక ఆ దారి వదలడని ఆయనకి తెలుసు.

బాపుగారు ఆర్టు స్కూలు గడప తొక్కలేదు. లా చదివి పాసయ్యారు. గురువెవరంటే తమిళ పత్రికల్లో బొమ్మలేసే గోపులు గారి పేరు చెప్పేవారు. ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేశారు, అడ్వర్టైజింగు కంపెనీలో పనిచేశారు, కథలకీ నవలలకీ అట్టలకీ లెక్కలేనన్ని బొమ్మలేశారు. రమణగారు అదే పత్రికలో సబ్ ఎడిటరు. ఆయన బుడుగు రాస్తే ఈయన బుడుగుకి మొహం ఇచ్చారు. అప్పుల అప్పారావుని సృష్టించి తెలుగువాళ్ళందరినీ నవ్వించిన రమణగారికి అప్పంటే ఏమిటో పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు. ఆనక ఇద్దరూ సినిమాల్లోకి దిగారు. సినిమా తీసినవాడికి లాభం వచ్చిన ఏడూ ఉంటుంది, మునిగిన ఏడూ ఉంటుంది. 1967లో సాక్షి తీశారు, అది మన గోదావరి లంకల్లో పులిదిండిలో తీశారు. 1973లో అందాల రాముడు, గోదావరి మీద లాంచీలో. 1975లో ముత్యాల ముగ్గు.

అందరూ ఆ సినిమాల గురించే చెప్పుకుంటారు. నాకు ఇంకో పని ముఖ్యం. ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు చిన్న తరగతుల పిల్లలకి వీడియో పాఠాలు చేయమని వీళ్ళిద్దరికీ అప్పజెప్పారు. వీళ్ళు కూర్చుని ఆటలూ పాటలూ కట్టి పాఠాలు చేశారు. అంత పేరున్నవాళ్ళు ఒకటో తరగతి పాఠం ముందు కూర్చోవడం చిన్నతనం అనుకోలేదు. బాల పత్రికలో మొదలైన ఇద్దరు పిల్లలు, ఏళ్ళు గడిచాక పిల్లల పాఠాల దగ్గరికే వచ్చారు. మా డ్రాయింగు మాస్టార్లం అది విని కొంచెం కాలరెత్తుకున్నాం, దాచుకోవడమెందుకు.

రమణగారు 2011 ఫిబ్రవరిలో పోయారు. వాళ్ళ సినిమా శ్రీరామరాజ్యం ఆ ఏడే విడుదలైంది. బాపుగారికి 2013లో పద్మశ్రీ వచ్చింది, 2014లో ఆయనా పోయారు. ఇద్దరిలో ఒక్కరి పేరు విడిగా అంటే ఇప్పటికీ నాకు నోట్లో ఏదో వెలితిగా ఉంటుంది.

మీ నాన్న భయం అబద్ధం కాదు. ఒంటరిగా కూర్చుని నా కళ నాది అనుకున్నవాళ్ళు ఎండిపోవడం నేను ఈ ఊళ్ళోనే చూశాను, పేర్లెందుకు. నిలబడ్డవాళ్ళకి మాత్రం పక్కన ఒకరున్నారు. రామారావు గారికి ముందు కూల్డ్రే, ఆనక వరదావారు. బాపుకి రమణ. చేతిలో రెండో పని కూడా ఉంది, పాఠమో పత్రికో. చదువుకో. నేర్చుకున్నది ఎవరికో ఒకరికి నేర్పు, అదీ నీ పనిలో భాగమే అనుకో. మీ నాన్నతో నేను మాట్లాడతాను.

ఈ ఆదివారం రాజమండ్రి వెళ్దాం, ఆటోలో అరగంట కూడా పట్టదు. దామెర్లవారి బొమ్మలు చూద్దువుగాని. గుమ్మంలో ఫోన్ సంచిలో పెట్టేయ్, స్కెచ్చి పుస్తకం తెచ్చుకో.