కోలారు బంగారం – మొహెంజొదారో నగలు

కుండపెంకులోని మట్టిని పరీక్షించి, ఆ కుండ ఏ సీమలో తయారైనదో శాస్త్రజ్ఞులు నిర్ణయించగలుగుతున్నారు. బంగారం విషయంలోనూ అట్టి ప్రయత్నమే జరిగినది.

మొహెంజొదారో త్రవ్వకాలపై సర్ జాన్ మార్షల్ 1931లో వెలువరించిన గ్రంథంలో, అక్కడి నగల బంగారంలో వెండి పాలు హెచ్చుగా ఉన్నందున అది కోలారు, అనంతపురం ప్రాంతాలదై ఉండవచ్చునన్న భూగర్భ శాస్త్రవేత్త సర్ ఎడ్విన్ పాస్కో అభిప్రాయం చోటు చేసుకున్నది. సుమారు 1,900 కిలోమీటర్ల దూరాన ఉన్న ఆ నగరవాసులు మన నేల బంగారాన్ని ధరించారన్న మాట ఎవరికి గర్వకారణం కాదు?

అయితే వెండి కలిసిన బంగారం అన్యత్రా లభిస్తుంది. సింధునది ఎగువ ఇసుకలోనూ బంగారం ఉన్నది. పైగా ఒకసారి కాలిన కుండ వేరొక మట్టితో కలియదు. నగనైతే కరిగించి, మరొక బంగారంతో కలిపి, కొత్త నగ చేస్తారు. కనుక వెండి పాలు ఒక్కటే సాక్ష్యంగా చాలదు. స్వల్ప పరిమాణంలో ఉండే ఇతర మూలకాలను, సీసపు ఐసోటోపులను కూడ గని రాతితో పోల్చి చూడవలెను.

మన గనులు 2001లో మూతపడినవి. ప్రశ్న మాత్రం మూతపడలేదు. మన విద్యార్థులలో ఒకరు దానికి సమాధానం కనుగొన్ననాడు, ఫలితమేదైనను, ఈ పాఠశాలకు అదియే మేలిమి బంగారం.