టియో మాసెరో

టియో మాసెరో (అక్టోబరు 30, 1925 - ఫిబ్రవరి 19, 2008) అమెరికాకు చెందిన జాజ్ సాక్సఫోన్ వాద్యకారుడు, స్వరకర్త, సంగీత నిర్మాత. అసలు పేరు అట్టీలియో జోసెఫ్ మాసెరో. కొలంబియా రికార్డ్స్ సంస్థలో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బములకు నిర్మాతగా ప్రసిద్ధి చెందాడు. రికార్డు చేసిన టేపును కత్తిరించి, అతికించి, దాని నుండి కొత్త రచనను రూపొందించడం ఈయన ప్రత్యేకత.

జీవిత విశేషాలు

న్యూయార్క్ రాష్ట్రంలోని గ్లెన్స్ ఫాల్స్ పట్టణంలో జన్మించాడు. నౌకాదళంలో పనిచేసిన తరువాత న్యూయార్క్ నగరానికి వచ్చి, జూలియార్డ్ సంగీత పాఠశాలలో చదివి 1953లో పట్టభద్రుడయ్యాడు.

వాద్యకారుడిగా

1953లో చార్లెస్ మింగస్ తదితరులతో కలిసి జాజ్ కంపోజర్స్ వర్క్‌షాప్‌ను స్థాపించాడు. అందులో టెనర్ సాక్సఫోన్ వాయించాడు. ఆధునిక పాశ్చాత్య శాస్త్రీయ సంగీత పోకడలను జాజ్‌తో మేళవించి రచనలు చేసాడు.

నిర్మాతగా

1957లో కొలంబియా సంస్థలో కూర్పరిగా చేరి, 1959లో నిర్మాత అయ్యాడు. అదే సంవత్సరం ఈయన నిర్మాణంలో మింగస్ ఆల్బము "మింగస్ ఆ ఉమ్", డేవ్ బ్రూబెక్ ఆల్బము "టైమ్ అవుట్" వెలువడ్డాయి. రెండవదానిలోని "టేక్ ఫైవ్", జాజ్‌లో అప్పటికి అరుదైన ఐదు మాత్రల లెక్కలో సాగుతుంది. కర్ణాటక సంగీత శ్రోతలకు ఈ లెక్క కొత్త కాదు.

డేవిస్ అసంపూర్ణమని భావించిన "క్వైట్ నైట్స్"ను 1963లో విడుదల చేయడంతో ఆయన ఆగ్రహించాడు. కొంతకాలం ఇద్దరి మధ్య మాటలు లేవు. తరువాత మళ్ళీ కలిసి పనిచేసారు.

కూర్పు విధానం

1969 నాటి "ఇన్ ఎ సైలెంట్ వే" ఈ విధానానికి చక్కని ఉదాహరణ. దాని రెండవ వైపు ఆరంభంలో వినిపించే భాగమే చివర తిరిగి వస్తుంది. కళాకారులు దానిని మళ్ళీ వాయించలేదు. మాసెరో ఆ టేపునే నకలు తీసి చివర అతికించాడు. ఆ విధంగా ఆశువుగా సాగిన వాదనకు ఎత్తుగడ, ముగింపు గల రూపం ఏర్పడింది. 1970లో విడుదలైన "బిచెస్ బ్రూ"లోని "ఫారోస్ డాన్స్"లో చిన్న స్వరఖండాలను సైతం అనేకసార్లు పునరావృతం చేసాడు.

వివాదం

ఇటువంటి కూర్పు వలన ఆల్బము కర్తృత్వం వాద్యకారులదా, నిర్మాతదా అన్న ప్రశ్న తలెత్తింది. కత్తిరించకముందు టేపులలో ఉన్న సంగీతాన్ని తరువాతి కాలంలో సంపూర్ణ సంపుటాలుగా విడుదల చేసినపుడు మాసెరో బహిరంగంగా అభ్యంతరం తెలిపాడు. అయితే శ్రోతలు రెంటినీ పోల్చి ఈయన పాత్రను అంచనా వేయడానికి ఆ సంపుటాలే ఆధారమయ్యాయి.

చివరి దశ

1975లో కొలంబియాను వీడి స్వతంత్రంగా పనిచేసాడు. 2008లో, 82 ఏళ్ళ వయసులో, న్యూయార్క్ రాష్ట్రంలోని రివర్‌హెడ్‌లో మరణించాడు.