అక్రాలో ఒక ఇల్లు

ఆఫ్రికా పశ్చిమతీరమున, ఘనా రాజధాని అక్రాలో, కంటోన్మెంట్సు అనే పేటయందు ఒక పాత బంగళా కలదు. అమెరికాలో నల్లజాతివారి పౌరహక్కులకై అర్ధశతాబ్దికి పైగా కలము నడిపిన డబ్ల్యూ. ఇ. బి. డుబాయిస్ తన చివరి రోజులు గడపిన ఇల్లది. ఆయన సమాధియు ఆ ఆవరణలోనే ఉన్నది. మసాచుసెట్సులో పుట్టినవాని సమాధి అక్రాలో ఏల ఉన్నదన్నదే ఆ ఇంటి చరిత్ర.

డుబాయిస్ 1868లో జన్మించారు. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టమందుకొన్న తొలి నల్లజాతి విద్వాంసులాయన. 1910 నుండి 1934 వరకు ‘క్రైసిస్’ పత్రికను నడిపారు. 1929లో గాంధీజీ సందేశము అందులోనే వెలువడినది. 1946లో డాక్టరు అంబేద్కరు ఆయనకొక లేఖ వ్రాశారు. ఐక్యరాజ్యసమితికి నల్లజాతివారు పంపిన విన్నపపు ప్రతులు కావలెనని కోరారు. అస్పృశ్యుల పక్షమునను అట్టి విన్నపము చేయు ఆలోచన అప్పుడు సాగుచుండెను. డుబాయిస్ సానుభూతితో బదులు వ్రాశారు.

1951లో విదేశీయుల ప్రతినిధిగా పనిచేసినారని ఆయనపై అభియోగము వచ్చినది. న్యాయస్థానము కొట్టివేసినది. అయినను 1958 వరకు ప్రభుత్వము ఆయనను దేశము దాటనీయలేదు. 1957లో ఘనా స్వాతంత్ర్యోత్సవమునకు ఆహ్వానము వచ్చియు, పాస్‌పోర్టు లేక పోలేకపోయారు. న్యాయస్థానము విడిచిపెట్టిన వృద్ధుని ఒక కార్యాలయము కట్టివేయుట నాకు శిక్షకన్న క్రూరముగా తోచును.

1961లో ఎన్‌క్రూమా పిలువగా ఆయన అక్రా చేరారు. వయస్సు 93 ఏండ్లు. పని ఆఫ్రికా విజ్ఞానసర్వస్వము! 1909 నాటినుండి ఆయన మనసులో మెదలిన కోరిక అది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు తమ సర్వస్వమును ముగించకయే 1923లో కన్నుమూసిన సంగతి ఎరిగిన మనకు ఆ సాహసమెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. ఇంతలో అమెరికా పాస్‌పోర్టును పొడిగించ నిరాకరించినది. 1963లో ఆయన ఘనా పౌరులైనారు.

ఆ ఏడే ఆగస్టు 27న మరణించారు. మరునాడు వాషింగ్టనులో పౌరహక్కులకై లక్షలాది జనము గుమిగూడిన సభలో రాయ్ విల్కిన్స్ ఆ వార్త వినిపించారు. తన జీవితమంతయు కోరిన దృశ్యమును ఒక్కరోజు తేడాలో ఆయన చూడలేకపోయారు.

1966లో ఎన్‌క్రూమా ప్రభుత్వము కూలగా భార్య షర్లీ గ్రాహం ఘనా విడిచారు. 1985లో ఆ ఇల్లు స్మారకకేంద్రమైనది. కోటవద్ద ఖననము చేసిన ఆయన అవశేషములను, 1977లో మరణించిన షర్లీ చితాభస్మమును ఆ ఆవరణకే చేర్చారు. లోపల ఆయన చదువుకొన్న పుస్తకములు భద్రపరచబడినవి. విజ్ఞానసర్వస్వము మాత్రము ఆయన బ్రతికియుండగా ఒక్క సంపుటమైనను వెలువడలేదు.