దండోరా వేసినోళ్ల ఇల్లు

మా ఇంట్లో వయసులు సంవత్సరాల్లో చెప్పరు, గాలివానల్లో చెప్తారు. మా తాత 1927 గాలివాన నాటి బిడ్డ. ఆ ఏడు నవంబరు మొదట్లో తుఫాను నెల్లూరు మీద పడింది. నేను 1989 గాలివానకు పదకొండు రోజుల పిల్లని. బడిలో వేసినపుడు పంతులు జూన్ ఒకటి అని రాసుకున్నాడు. నా సర్టిఫికెట్లలో ఇప్పటికీ అదే ఉంది. అవ్వకు గుర్తున్న తేదీ ఏ ఆఫీసులోనూ చెల్లదు.

కావలికి తూర్పున, బకింగ్‌హాం కాలవ పక్కన మా ఊరు. పేరు రాయను. రాస్తే ఇది ఆ ఒక్క ఊరి కథ అనుకుంటారు. ఊరు మెరక మీద ఉంది. మా మాదిగపల్లె దానికి తూర్పున పల్లంలో, ఊరి మురుగూ వాననీళ్లూ పోయే చోట ఉంది. ఆవల చవిటినేల, పట్టపువాళ్ల పాలెం, ఆపైన సముద్రం. ఇళ్లు ఎక్కడ కట్టుకుంటారని మా ముత్తాతల్ని ఎవరూ అడగలేదు. తుఫానుకు ఎవరిల్లు ముందు మునగాలో ఆనాడే తేలిపోయింది.

ఇప్పుడు నేను సర్కారు బడిలో పిల్లలకు విపత్తుల పాఠం చెబుతున్నాను. టార్చిలైటు, రేడియో, మందులు, తాగేనీళ్లు, ముఖ్యమైన కాగితాలు ఒక సంచిలో సిద్ధంగా పెట్టుకోవాలి. పాఠం మంచిదే. అయితే అది పుస్తకంలోకి ఎక్కకముందే మా అవ్వకు వచ్చు. ఆమెకు అక్షరం ముక్క రాదు.

దసరా దాటిందంటే అవ్వ చూపు ఆకాశం మీదే ఉండేది. తాటాకు కప్పు మీద అడ్డంగా తాటినార మోకులు వేయించి, రెండు కొసలకూ రాళ్లు కట్టి వేలాడదీయించేది. కొత్త కుండలో బియ్యం పోసి, మూతి మీద మూకుడు పెట్టి, చుట్టూ మట్టి మెత్తి, ఇంటి మూల గుంత తీసి పాతిపెట్టేది. ఇల్లు ఎగిరిపోయినా కుండ ఉంటుంది. అగ్గిపెట్టెను చిన్న డబ్బాలో పెట్టి ఆ బియ్యంలోనే దూర్చేది. బొరుగులు, బెల్లం, ఎండుచేప మూట కట్టేది. ఇసకలో తవ్విన దొరువు నుంచి ఉన్న కుండలన్నిటికీ నీళ్లు పట్టేది. సముద్రం పొంగితే దొరువు ఉప్పవుతుందని ఆమెకు తెలుసు. గాలి మొదలవగానే గొడ్ల పలుపులు కోసెయ్యమనేది. కట్టేసిన గొడ్డు చస్తుంది, వదిలేసిన గొడ్డు ఈదుకుంటుంది.

"ముందు ఉత్తరపు గాలి లేస్తది మే. నడిమధ్యలో ఉన్నట్టుండి ఆగిపోద్ది. ఆగిందని బయటికి వచ్చినావో, చచ్చినావే. తిరుగుగాలి దక్షిణాన్నుంచి కొట్టుద్ది" అనేది.

డిగ్రీలో చదివాకగానీ అందులోని సైన్సు నాకు తెలియలేదు. మన దిక్కున తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చే తుఫాను నడిబొడ్డు మన మీదుగా పోతే ముందు ఉత్తరపు గాలి, కన్ను దాటేదాకా నిమ్మళం, తర్వాత దక్షిణపు గాలి. అవ్వ చెప్పింది అక్షరాలా అదే.

ఇన్ని తెలిసిన అవ్వకు తెలియంది ఒక్కటే. ఇల్లు వదిలి ఎక్కడికి పోవాలి?

ఆ సంగతి 1989లో తేలింది. థాయిలాండు దిక్కున పుట్టిన ఆ తుఫాను అక్కడి భూభాగం దాటి, బంగాళాఖాతంలో బలం పుంజుకుని, నవంబరు 8 రాత్రి కావలి దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు రెండొందల కిలోమీటర్లు దాటింది. హెచ్చరిక ముందే వచ్చింది. రేడియో చెప్పింది. కానీ రేడియోలు ఊళ్లో ఉండేవి. పల్లెలో ఉండేది మా తాత తప్పెట.

తాత ఊరి దండోరా మనిషి. అరవై రెండేళ్ల వయసులో గోనెసంచి నెత్తిన కప్పుకుని తప్పెట కొట్టుకుంటూ తిరిగాడు. "సముద్రం పొంగబోతా ఉందహో, మెరక మీదికి పొండహో" అని చెప్పాడు. ముందు ఊరి వీధులు. తర్వాత కాలవ దాటి చేలల్లో కాపలా ఉన్నోళ్లు. ఆఖర్న పాలెం. మా పల్లెకు దండోరా వెయ్యమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చీకటిపడ్డాక వచ్చి ఇంటి ముందు నిలబడి "లెయ్యండే" అన్నాడట. అదే మాకు దండోరా.

గుడి మెట్లు మాకు లేవు. బడికి అప్పుడు రెల్లు కప్పే. మిగిలింది నాయన పని చేసే ఆసామి మిద్దె. పదకొండు రోజుల బాలింతను చూసి వాళ్లు జాలిపడ్డారు. ఆ మాట దాచను. గొడ్లసావిట్లో చోటిచ్చారు. పలుపులు కోసి గొడ్లను వదిలేశారు కాబట్టి సావిడి ఖాళీగా ఉంది. పేడ మీద గడ్డి పరిచి అమ్మను కూచోబెట్టింది అవ్వ. సావిడి పెంకులు సగం ఎగిరిపోయాయి. పది బారల దూరంలో మిద్దె తలుపులు గడియపెట్టి ఉన్నాయి. నా మొదటి తుఫాను నేను అట్టా దాటాను. తెల్లారి తాత వచ్చాడు. తప్పెట తోలు నాని చినిగిపోయింది.

తర్వాత నీళ్ల గొడవ. మా దొరువు పల్లంలోది, ఉప్పయింది. ఊరి బావి మెరక మీద ఉంది, మంచిగానే ఉంది. ఆ బావి నీళ్లు మా ఆడోళ్లు దూరంగా నిలబడి పోయించుకున్నారు. ఆ తర్వాత లెక్కలు రాసేవాళ్లు వచ్చారు. ఇల్లు పోయిందన్నాం. పట్టా ఏదన్నారు. పోరంబోకులో వేసుకున్న గుడిసెకు పట్టా ఎక్కడిది?

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన సర్కారు లెక్కలోనే పదివేల దాకా ప్రాణాలు తీసింది. ఆ తర్వాతే మన తీరంలో తుఫాను షెల్టర్ల మాట గట్టిగా వినపడింది. కానీ షెల్టరంటే గోడలూ కప్పూ మాత్రమే కాదని చరిత్ర మళ్లీ మళ్లీ చెబుతూనే ఉంది. 2001 కచ్ భూకంపంలో సాయం కులాల వారీగా పంచారని రాశారు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత నాగపట్నం శిబిరాల్లో దళితుల్ని వేరుగా పెట్టారని మానవ హక్కుల సంఘాలు రాశాయి. ఆ సునామీ నీళ్లను మన బకింగ్‌హాం కాలవ చాలాచోట్ల తనలోకి తీసుకుని అలల జోరు తగ్గించింది. మనుషులు కట్టుకున్న గోడలకు మాత్రం ఆ గుణం రాలేదు.

1989 తర్వాత నాయన ఒక రేకుపెట్టె కొన్నాడు. ఇంట్లో నగా నట్రా లేవు. కాగితాల కోసం కొన్నాడు. రేషన్ కార్డు, చాలా ఏళ్లు తిరిగి సాధించుకున్న ఇంటిపట్టా, కుల సర్టిఫికెట్టు, మా మార్కుల జాబితాలు, ఒక్కొక్కటీ రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి పెట్టాడు. 2015 నవంబరు వానలకు పల్లె మునిగినపుడు ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్లలో నడిచాడు. నా డిగ్రీ అందులోనే ఉంది. టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది ఆ కాగితాలతోనే. మొదటి తరం చదువు ఎంత పలచన కాగితం మీద ఉంటుందో, అది తడిస్తే ఏమవుతుందో మా నాయనకు తెలుసు. ఆయన సంతకం పెట్టలేడు.

2011లో ప్రపంచబ్యాంకు అప్పుతో జాతీయ తుఫాను ముప్పు తగ్గింపు పథకం మొదలైంది. ఆంధ్ర, ఒడిశా తీరాల్లో షెల్టర్లూ వాటికి రోడ్లూ కట్టారు. మంచి పని. కానీ మాకు దగ్గర్లోని ఒక షెల్టర్‌లో చాలాకాలం రొయ్యల మేత బస్తాలు ఉండేవి. తాళంచెవి ఒక పెద్దమనిషి ఇంట్లో మేకుకు వేలాడేది. గాలివాన రాత్రి మాదిగపల్లె ఆడమనిషి ఆ ఇంటి తలుపు కొట్టాలి.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మా తీరం వెంబడే పైకి పోయి 5వ తేదీ బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందురోజు రాత్రి నేను పనిచేసే బడే పునరావాస కేంద్రం. తాళంచెవి నా చేతిలో ఉంది. వానలో తడిసి జనం వచ్చారు. వంటామె మాదిగామె. ఊరి పెద్దాయన ఒకరు నెమ్మదిగానే అడిగాడు. "టీచరమ్మా, మావోళ్లకు వేరే పొయ్యి పెట్టించండి. బియ్యం మేమే తెచ్చుకుంటాం."

నాకు భయం వేసింది. రేపు ఇదే ఊళ్లో పని చెయ్యాలి. అయినా చెప్పాను. "ఒకటే పొయ్యండి. ఒకటే దేగిసా."

నాలుగు కుటుంబాలు లేచిపోయాయి. వాళ్లకు పోవడానికి ఇంకో మిద్దె ఉంది. అదే తేడా. అర్ధరాత్రి వాళ్లలో ఒక ముసలామె తిరిగొచ్చింది. అన్నం పెట్టించాను. తిన్నది. దీన్ని నేను మార్పు అని రాయను, ఆకలి అని రాస్తాను.

ఇంకో మాట కూడా రాయాలి. ఆ రాత్రి యానాది కుటుంబాలు వరండాలో జల్లుకు తడుస్తూ కూచున్నాయి. లోపల చోటుంది. "మీరు ఆడనే ఉండండి" అని వాళ్లకు చెప్పింది మావాళ్లే. గొడ్లసావిట్లో మొదటి గాలివాన దాటిన నాకు ఆ మాట చెంపమీద కొట్టినట్టయింది. లోపలికి పిలిచి మా పిల్లల పక్కన పడుకోబెట్టాను. మావాళ్లలో ఇద్దరు మొహం తిప్పుకున్నారు.

2005 విపత్తు నిర్వహణ చట్టంలో 61వ సెక్షన్ ఉంది. నష్టపరిహారంలో, సాయంలో లింగం, కులం, సముదాయం, పుట్టుక, మతం పేరుతో తేడా చూపకూడదని అది చెబుతుంది. మా టీచర్లలోనే చాలామందికి ఈ సంగతి తెలియదు. ఉద్యమాల్లో ఉన్నవాళ్లూ చదువుకునే పిల్లలూ దాన్ని గుర్తుపెట్టుకోవాలి. తుఫాను రాకముందే, ఎండాకాలంలోనే, పల్లెకు పోయి అడగాలి. షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుంది? పల్లె నుంచి అక్కడికి నీళ్లలో మునగని దారి ఉందా? మంచినీళ్లు ఏ బావివి? వంట ఎవరు చేస్తారు, పంక్తి ఎట్టా కూచుంటుంది? ఇంటిపట్టా ఎవరికి లేదు?

మా తాత తప్పెట ఊరికంతా హెచ్చరిక చెప్పింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టిందని విన్నాక, నాయన ఆ చినిగిన తప్పెటకు కొత్త తోలు వేయించాడు. అది ఇప్పుడు నా దగ్గరుంది. ప్రతి అక్టోబరులో బడి పిల్లల్ని వెంటబెట్టుకుని తుఫాను దండోరా వేయిస్తున్నాను. మొదలు పల్లెలో, యానాదుల గుడిసెల ముందు. ఊరు ఆఖర్న.