పోర్చుగల్ తీరంలో కాపురం: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

"పోర్చుగల్‌లో సముద్రపు ఒడ్డున చిన్న ఊళ్లో ఇల్లు తీసుకొని స్థిరపడాలి."

పింఛను మీద బతుకుతూ విదేశంలో ఉండాలనుకునేవారూ, ఎక్కడి నుంచైనా చేయగల ఉద్యోగం ఉన్నవారూ అనుకునే మాట ఇది. ఇందులో కష్టమైన పదం ఒక్కటీ లేదు. అయినా దీన్ని ఆరు ముక్కలుగా విడదీస్తే ఒక్కో ముక్కను తేల్చేది ఒక్కోటి. మొదటిదాన్ని తేల్చేది వీసా చట్టం, రెండోదాన్ని గాలి, మూడోదాన్ని నేల, నాలుగోదాన్ని చలికాలం, అయిదోదాన్ని గోడలూ దస్తావేజులూ, ఆరోదాన్ని రోజుల లెక్క. కాబట్టి వరసగా ఒక్కో పదమే చూద్దాం.

పోర్చుగల్‌లో

అంటే పోర్చుగల్ చట్టం కింద అని. ఊరి పేరు అనుకోకముందే అక్కడ ఉండే హక్కు ఏ దారిన వస్తుందో తేలాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు షెంగెన్ సందర్శన వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. అది చూసి రావడానికి పనికొస్తుంది, కాపురానికి కాదు.

కాపురానికి ఎక్కువగా వాడే దారులు రెండు. ఒకటి డీ7. పని చేయకుండా వచ్చే ఆదాయం, అనగా పింఛను, అద్దె, వడ్డీ, డివిడెండు వంటివి ఉన్నవారికి ఇది. ఆ ఆదాయం కనీసం ఆ దేశపు కనీస వేతనమంత ఉండాలి. 2025లో అది నెలకు 870 యూరోలు. రెండోది 2022 అక్టోబరులో వచ్చిన డీ8. పోర్చుగల్ బయటి సంస్థకు దూరం నుంచి పనిచేసేవారికి ఇది. దీనికి కనీస వేతనానికి నాలుగింతలు కావాలి, అంటే 2025 లెక్కన 3,480 యూరోలు. ఈ వేతనాన్ని ప్రభుత్వం మార్చుతూ ఉంటుంది కనుక దరఖాస్తు పెట్టే ఏటి అంకెనే చూసుకోవాలి.

ఇక్కడ రెండు భ్రమలున్నాయి. ఇల్లు కొంటే ఉండే హక్కు వస్తుందనేది మొదటిది. 2012లో మొదలైన గోల్డెన్ వీసాలో ఆ దారి ఉండేది. 2023 అక్టోబరులో దాన్ని తీసేశారు. ఇప్పుడు ఇల్లు ఇల్లే, హక్కు హక్కే. కొత్తగా వచ్చేవారికి పదేళ్లపాటు పన్ను రాయితీ ఉంటుందనేది రెండోది. 2009లో తెచ్చిన ఆ పథకాన్ని, కొద్ది మినహాయింపులు పోను, 2024 నుంచి కొత్తవారికి మూసేశారు. పాత వ్యాసాలు, పాత వీడియోలు చూసి లెక్క వేసుకున్నవారు ఈ రెండు తేదీలను ముందు పెట్టుకొని మళ్లీ వేసుకోవాలి.

సముద్రపు

సముద్రం అనగానే తెలుగువాడి మనసులోకి వచ్చేది బంగాళాఖాతం. విశాఖలో సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు. నీరు ఏడాది పొడవునా వెచ్చగానే ఉంటుంది. పోర్చుగల్‌ది అట్లాంటిక్. పశ్చిమ తీరంలో సూర్యుడు నీళ్లలోకి దిగుతాడు. మండువేసవిలో కూడా అక్కడి నీరు సాధారణంగా 16 నుంచి 20 డిగ్రీల మధ్యే ఉంటుంది. అంటే మన స్నానాల గదిలో గీజరు వేయని డిసెంబరు నీళ్లకంటే చల్లన.

దీనికి కారణం గాలి. వేసవిలో ఉత్తరం నుంచి తీరం వెంబడి బలమైన గాలి వీస్తుంది. దాన్ని అక్కడివారు నొర్తాద అంటారు. ఆ గాలీ భూభ్రమణమూ కలిసి పైనున్న వెచ్చటి నీటిని తీరానికి దూరంగా నెడతాయి. ఖాళీ అయిన చోటికి లోతుల్లోని చల్లటి నీరు ఎగదన్నుకొస్తుంది. ఆ నీటితో పాటే పోషకాలు పైకొస్తాయి కాబట్టి చేపలు దండిగా దొరుకుతాయి. ఈ తీరానికి సార్డీన్ చేపలు ఇచ్చేదీ, మధ్యాహ్నాలు గొడుగు నిలవనివ్వనిదీ ఒకే గాలి.

దక్షిణాన అల్గార్వ్ తీరం దక్షిణానికి తిరిగి ఉంది. అక్కడ ఆ గాలి జోరు తగ్గుతుంది. వేసవిలో నీరు 20 డిగ్రీలు దాటుతుంది, తూర్పుకు వెళ్లేకొద్దీ ఇంకొంచెం వెచ్చబడుతుంది. కాబట్టి ముందుగా అడగాల్సింది 'ఏ ఊరు?' అని కాదు, 'సముద్రంతో నాకేం పని?' అని. రోజూ ఈత కావాలంటే దక్షిణం. అలల మీద పలకాట, అంటే సర్ఫింగ్, కావాలంటే పశ్చిమం. 2011లో ప్రపంచ సర్ఫింగ్ అభయతీరంగా గుర్తింపు పొందిన ఎరిసైరా అటే ఉంది. చూస్తూ నడవడమే కావాలంటే రెండూ సరే, చొక్కా మీద స్వెట్టరు ఉంటే చాలు.

అలలన్నీ ఆటకు కావనీ తెలియాలి. నజరే ఊరి ఎదుట సముద్రగర్భంలో దాదాపు 5,000 మీటర్ల లోతుకు దిగే లోయ ఒకటుంది. దూరం నుంచి వచ్చే అలల శక్తిని అది ఒకచోటికి మళ్లిస్తుంది. 2020 అక్టోబరులో అక్కడ ఒక సర్ఫరు ఎక్కిన అల ఎత్తు 26.21 మీటర్లుగా ప్రపంచ రికార్డుల్లోకెక్కింది. అందుకే బీచి మీది జెండాను చదవడం నేర్చుకోవాలి. ఆకుపచ్చ అంటే ఈదవచ్చు. పసుపు అంటే నీళ్లలో దిగవచ్చు గాని ఈదకూడదు. ఎరుపు అంటే అసలు దిగకూడదు. స్నానాల రుతువు ముగిశాక చాలా బీచుల్లో జెండా ఉండదు, కాపలా ఈతగాడూ ఉండడు. జెండా లేదంటే ప్రమాదం లేదని కాదు, చెప్పేవాడు లేడని.

ఒడ్డున

'ఒడ్డున' అన్నప్పుడు ఎంత దూరం అని అడగాలి. తవీరా ఊరినే చూడండి. సముద్రతీర పట్టణంగా పేరున్న ఊరు. కాని ఊరి నడుమ ఉన్నది జిలావ్ అనే నది. బీచి ఊళ్లో లేదు, ఎదురుగా ఉన్న ఇసుకదీవి మీద ఉంది. రేవుకు వెళ్లి, పడవ ఎక్కి, ఉప్పుమళ్లను దాటి, దీవిలో దిగి, మళ్లీ కొంత నడిస్తే అప్పుడు అల కనబడుతుంది. రియా ఫోర్మోజా అనే ఉప్పుటేరుల వ్యవస్థ ఇది. ఫారో, ఒల్యావ్ పట్టణాలదీ ఇదే తీరు. ఇది లోపం కాదు. ఆ దీవులే ఊరికి తుపాను అలల నుంచి అడ్డు. అయితే పొద్దున లేచి చెప్పులేసుకొని సముద్రం దాకా నడవాలన్నది మీ కోరిక అయితే, 'తీరపట్టణం' అన్న మాట చూసి ఇల్లు తీసుకోకూడదు.

రెండో సంగతి చట్టానిది. పోర్చుగల్‌లో సముద్రపు అంచు నుంచి 50 మీటర్ల పట్టీ ప్రభుత్వ సొత్తుగా భావిస్తారు. ఆ పట్టీలో సొంత హక్కు చెప్పేవారు అది 1864 డిసెంబరు 31కి ముందే ప్రైవేటు ఆస్తి అని రుజువు చూపించాలి. తేదీ ఎందుకు అంత పాతదంటే, తీరాన్ని ప్రజల సొత్తుగా ప్రకటించిన రాజశాసనం ఆనాటిది. నీళ్లను ఆనుకున్న ఇల్లు కొనేవారికి మొదటి ప్రశ్న ఇదే.

మూడోది, ఒడ్డు కదులుతుంది. కాకినాడ దగ్గర ఉప్పాడను చూసినవారికి ఇది విప్పి చెప్పనక్కర్లేదు. పోర్చుగల్‌లో ఎష్పీన్యు, ఫురదోరు వంటి వాయవ్య తీరపు ఊళ్లది అదే కథ. నదుల మీద ఆనకట్టలు కట్టాక సముద్రానికి చేరే ఇసుక తగ్గింది, కోత పెరిగింది. నాలుగోది సునామీ. 1755 నవంబరు 1న వచ్చిన భూకంపం, దాని వెంట వచ్చిన అలలు లిస్బన్‌నూ అల్గార్వ్ తీరాన్నీ నాశనం చేశాయి. 2004 డిసెంబరు 26ను ఎరిగిన మనం ఆ తేదీని తేలిగ్గా తీసుకోలేం. ఇంటి నుంచి మెట్టకు నడిచే దారి ఏదో తెలుసుకొని ఉండటం భయం కాదు, బాధ్యత.

చిన్న ఊళ్లో

'చిన్న' అనే పదానికి రెండు అర్థాలు కలిసిపోతుంటాయి. ఒకటి ప్రశాంతం, రెండోది సౌకర్యాలు తక్కువ. రెండూ ఒకే గుమ్మంలోంచి వస్తాయి. ఆగస్టులో కిటకిటలాడే ఊరు జనవరిలో సగం తలుపులు మూసుకొని ఉండవచ్చు. కారణం ఏమంటే చాలా ఇళ్లు కాపురాలకు కాదు, అలోజమెంటు లొకాల్ కింద, అనగా పర్యాటకులకు రోజుల లెక్కన ఇచ్చే వసతిగా నమోదై ఉంటాయి. జనవరి మధ్యలో ఒక పనిదినాన వెళ్లి చూడండి. రొట్టెల కొట్టు తెరిచి ఉందా? బడి వదిలిన పిల్లలు కనబడుతున్నారా? మందుల షాపులో వరస ఉందా? ఉంటే అది ఊరు. లేకపోతే అది విడిది.

కాగితం మీద 'ఊరు' అంటే కొన్సేల్యు, అనగా పురపాలక ప్రాంతం. దాని కింద ఫ్రెగెజియా, అంటే పంచాయతీ వంటి చిన్న విభాగం. ఎరిసైరా అనేది ఒక ఫ్రెగెజియా. దాని కొన్సేల్యు మఫ్రా. ఇంటిపన్ను రేటు నిర్ణయించేది కొన్సేల్యు. మీరు అక్కడ ఉంటున్నారని నివాస పత్రం ఇచ్చేది ఫ్రెగెజియా.

వైద్యం గురించి తొందరపడకుండా చూడాలి. 1979లో ఏర్పడిన జాతీయ ఆరోగ్య సేవలో నివాసులు నమోదు కావచ్చు. కాని నమోదు వేరు, మీ పేరున ఒక కుటుంబ వైద్యుడు దొరకడం వేరు. వైద్యుల కొరత ఉన్నచోట రెండోదానికి ఏళ్లు పట్టవచ్చు. పెద్ద ఆసుపత్రి ఎంత దూరమో కూడా చూడాలి. అల్గార్వ్‌లో పెద్ద ప్రభుత్వాసుపత్రులు ఫారోలోనూ పుర్తిమావ్‌లోనూ ఉన్నాయి. గుండెజబ్బు ఉన్నవారికి సముద్రం ఎంత దగ్గరో అన్నదానికంటే ఈ దూరమే ముఖ్యం.

ప్రయాణం సంగతీ అంతే. లిస్బన్ పక్కనున్న కష్కాయిష్‌కు నగరం నుంచి రైలు దాదాపు 40 నిమిషాలు. అల్గార్వ్‌లో లాగోష్ నుంచి స్పెయిన్ సరిహద్దు దాకా తీరం వెంట రైలుంది. ఎరిసైరాకు రైలు లేదు. కారు నడపనివారు, నడపలేని వయసుకు దగ్గరైనవారు ఊళ్ల జాబితాను రైలు పటం మీద పెట్టి చూసుకోవాలి.

ఇల్లు తీసుకొని

'తీసుకోవడం' అంటే అద్దెకా, కొనడమా? మొదటి ఏడాది అద్దెకే అని నా దృఢాభిప్రాయం. అద్దెలోనూ ఒక మడత ఉంది. పర్యాటక ఊళ్లలో అక్టోబరు నుంచి మే దాకా మాత్రమే ఇచ్చే ఒప్పందాలుంటాయి. వేసవి రాగానే ఖాళీ చేయాలి. అది కాపురపు అద్దె కాదు. పూర్తి ఏడాదికి, పన్నుల శాఖలో యజమాని నమోదు చేయించిన ఒప్పందమే నివాసానికి పనికొస్తుంది.

ప్రకటనల్లో టీ2 అని చూస్తారు. అంటే రెండు పడకగదుల ఇల్లు. టీ0 అంటే వేరే పడకగది లేనిది. మన బీహెచ్‌కే లెక్కలాంటిదే, సందేహం అక్కర్లేదు.

సందేహించాల్సింది గోడలను. పోర్చుగల్‌లో భవనాల ఉష్ణరక్షణకు తొలి నిబంధనలు వచ్చింది 1990లో. అంతకుముందు కట్టిన ఇళ్లలో చలిని ఆపే పొర ఉండకపోవచ్చు, మొత్తం ఇంటిని వెచ్చబరచే ఏర్పాటూ అరుదు. అక్కడ వానాకాలమూ చలికాలమూ ఒకటే. మనకు వాన ఎండల వెనక వస్తుంది. వాళ్లకు చలితో కలిసి వస్తుంది. బయట 12 డిగ్రీలు, లోపలా ఇంచుమించు అంతే. గోడకు చెమ్మ, అల్మరాలోని బట్టలకు బూజు. ఇల్లు చూడబోతే బీరువా వెనక గోడను, మంచం వెనక మూలలను చేత్తో తాకి చూడండి. కొత్తగా వేసిన రంగు వాసన వస్తే కారణం అడగండి. అమ్మకానికైనా అద్దెకైనా శక్తి సామర్థ్య పత్రం తప్పనిసరి. అందులో మేలైనది ఏ ప్లస్, కడపటిది ఎఫ్. కిటికీలోంచి కనబడే సముద్రం కంటే ముందు ఆ అక్షరం చూడండి. ఇంటి ముఖం దక్షిణానికి ఉంటే చలికాలపు ఎండ లోపలికొస్తుంది. ఉత్తరం ముఖాన ఎంత అందమైన దృశ్యం ఉన్నా జనవరిలో ఆ గది వాడరు.

కొనేటప్పుడు రెండు పత్రాలను ఒకటిగా పొరబడకూడదు. కదెర్నేతా ప్రెదియాల్ అనేది పన్నుల శాఖ దగ్గర ఆస్తి వివరం. రిజిస్ట్రీ ధ్రువపత్రం అనేది యజమాని ఎవరు, తాకట్టు ఉందా అన్నది చెప్పేది. మన దగ్గర ఇంటిపన్ను రసీదు చూపి ఇల్లు నాదంటే సరిపోదు, ఈసీ (ఆస్తి మీది భారాలు చూపే పత్రం) తీయాలి. అక్కడా అంతే. రెండింట్లో విస్తీర్ణాలు తేడా ఉంటే సరిదిద్దించాకే బయానా ఇవ్వాలి. ధర మీద బదిలీ పన్ను, 0.8 శాతం స్టాంపు సుంకం ఉంటాయి. తరవాత ఏటా కట్టే ఇంటిపన్ను పన్నువిలువ మీద 0.3 నుంచి 0.45 శాతం.

స్థిరపడాలి

ఈ పదంలో ఉన్న షరతు చాలామంది గమనించరు. స్థిరపడటం అంటే అక్కడ ఉండటం. మొదటి నివాస అనుమతి రెండేళ్లది, తరవాతది మూడేళ్లది. ఆ అనుమతి కాలంలో సరైన కారణం లేకుండా వరసగా ఆరు నెలలు, లేదా విడివిడిగా కలిపి ఎనిమిది నెలలు మించి దేశం బయట ఉంటే అనుమతి రద్దు కావచ్చు. కాబట్టి 'ఆరు నెలలు హైదరాబాదు, ఆరు నెలలు అక్కడ' అన్న ఏర్పాటు ఈ చట్టంలో ఇమడదు. మనవల పుట్టుక, అమ్మ ఆరోగ్యం, ఇంట్లో పెళ్లి అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

పన్ను కూడా రోజులనే లెక్కపెడుతుంది. ఏ పన్నెండు నెలల్లోనైనా 183 రోజులు దాటితే అక్కడి పన్ను నివాసి అవుతారు. అనగా భారత్‌లో వచ్చే అద్దె, వడ్డీ కూడా అక్కడ చూపించాలి. రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఉంది. దాని అర్థం పన్ను లేదని కాదు, ఒకే ఆదాయం మీద రెండు పూర్తి భారాలు పడవని. భారత్‌లోని బ్యాంకు ఖాతాలను నివాసి హోదా నుంచి ప్రవాసి హోదాకు మార్చుకోవాలి. ఇక్కడి నివాసిగా ఉన్నంతకాలం బయటికి పంపగల సొమ్ముకు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల పరిమితి ఉంది.

చివరిది భాష. ఐదేళ్ల చట్టబద్ధ నివాసం తరవాత శాశ్వత నివాసానికి ఏ2 స్థాయి పోర్చుగీసు రావాలి. ఏ2 అంటే డాక్టరుకు నొప్పి ఎక్కడో చెప్పగలగడం, పొరుగామెతో నాలుగు మాటలు ఆడగలగడం. ఇది చట్టం అడిగినందుకు కాదు, మనిషికి మనుషులు కావాలి కనుక నేర్చుకోవాలి.

తాత్పర్యం

ఉండే హక్కు తేల్చుకొని, సముద్రంతో తమకున్న పనిని బట్టి దిక్కు ఎంచి, నేల కోతనూ వైద్య దూరాన్నీ చూసి, చలికాలమంతా అద్దెకు ఉండి, ఆ తరవాతే కొనాలి. ఆగస్టులో నచ్చిన ఊరిని జనవరిలో మరొక్కసారి చూడకుండా బయానా ఇవ్వకండి.